గొళ్ళెం

మూడు నెలల్లో ముగ్గురు వెళ్ళిపోయారు.
మొదటావిడ హైమకి అన్నం పెడుతూ
ఫోన్లో సీరియల్ చూసేది.
ముద్ద నోటికీ చెంపకీ మధ్య ఎక్కడో ఆగిపోయేది.
రెండో అమ్మాయి మంచిదే,
పెళ్ళి కుదిరిందని మిట్టమధ్యాహ్నం బస్సెక్కేసింది.
మూడో ఆమె గురించి చెప్పను.
పంచదార డబ్బాలో దాచిన వంద నోట్లు
నేనే తప్పు లెక్కపెట్టానని
ఆమెని పంపేసిన పదకొండో రోజున తెలిసింది.

ద్వారకానగర్ ఏజెన్సీలో కుర్రాడు
ఆధార్ కాపీలు పేకముక్కల్లా పరిచాడు.
"అందరూ వెరిఫైడే సార్."
ఫొటోల్లో ఎవరూ నవ్వడం లేదు.
స్టాంపు ఉంది, వేలిముద్ర ఉంది.
తలంటేటప్పుడు
కుట్లున్న వైపు నీళ్ళెలా పోస్తారో
ఏ కాగితంలోనూ లేదు.

నాది టగ్గు మీద ఇంజన్ పని.
కొండంత ఓడని ఇరుకు కాలవలోంచి
రేవుకి లాక్కొచ్చేస్తాం,
దాని బరువు చేతికి తెలీదు.
నలభై రెండు కిలోల హైమని
మంచం మీంచి కుర్చీలోకి మార్చాలంటే
చొక్కా తడిసిపోతుంది.

నూకరత్నాన్ని ఏజెన్సీ పంపలేదు.
పూర్ణా మార్కెట్‌లో చేపలు కోసే ఆవిడ చెబితే వచ్చింది.
వచ్చి, గుమ్మంలోనే నిలబడింది.
కిటికీ గట్టు మీద వేలితో గీసి చూసుకుంది.
కోటవీధిలో రోజూ పడే బొగ్గుపొడి,
పొద్దున తుడిస్తే దీపాలేళకి మళ్ళీ నలుపు.
"రెండుపూటలా తుడవాల," అంది తనలో తనే.

అడగాల్సినవన్నీ నేను చీటీ మీద రాసుకున్నాను.
ఆమే ముందు మొదలెట్టింది.

"నాకంటే ముందు ఎంతమంది సేసినారు?"
ముగ్గురు.
"ఎందుకెల్లిపోనారు?"
చెప్పాను. మూడో ఆమె దగ్గర గొంతు పట్టుకుంది.
"అప్పలకొండది మా ఈదే, కొబ్బరితోట.
అడిగే వచ్చినాను."

"మీ డూటీ ఎన్నింటికి దిగుద్ది?"
"సానాలగదికి లోపల గొళ్ళెం ఉందా?"

ఉంది. ఉప్పుగాలికి తుప్పు పట్టి
ఏడాదిగా పడటం లేదు.
మొగుడూ పెళ్ళాలున్న ఇంట్లో దాని అవసరమేమిటని
నేనూ పట్టించుకోలేదు.

ఆ ప్రశ్న ఎవరి గురించో
బుర్రకెక్కడానికి కాస్త సేపు పట్టింది.
యాభై మూడేళ్ళవాణ్ణి. కోపం రాలేదనను.
వచ్చింది, చెవులు వేడెక్కాయి,
తర్వాత తలెత్తి చూడలేకపోయాను.
ఈ మూడు నెలలూ బీరువా తాళాలు మొలకి కట్టుకు తిరిగాను,
భయం నాకొక్కడికే ఉంటుందన్నట్టు.
రెండో అమ్మాయి పెళ్ళి నిజమేనా అని
అప్పుడు, మొట్టమొదటిసారి, అనుమానమొచ్చింది.
నావల్ల ఏమీ జరగలేదు. అది నాకు తెలుసు.
ఆ పిల్లకెలా తెలుస్తుంది?

"అమ్మగారు కేకేత్తే పక్కోల్లకి ఇనపడద్దా?"
తెలీదన్నాను. ఆపరేషనయ్యాక
హైమ గొంతు పెంచి ఎరగదు.
"ఓపాలి అరవండమ్మా, సూద్దాం."

హైమ నా వైపు చూసింది.
మంచం పట్టి ఎనిమిది నెలలైన మనిషి
ఊపిరంతా కూడదీసుకుని అరిచింది,
మాట కాదది, ఉత్త అరుపు.
పక్కవాటాలోంచి స్టెల్లా టీచరు
నూనె కారే గరిటెతో పరిగెత్తుకొచ్చేసింది.
ఏమైంది, ఏమైంది అంటూ గుమ్మంలో నూకరత్నాన్ని గుద్దుకుంది.
హైమ నవ్వింది, ముఖంలో పనిచేసే సగంతో.

"అయితే రేపట్నించి వత్తాను," అంది నూకరత్నం.

ఆ సాయంత్రమే జగదాంబ వైపెళ్ళి ఇత్తడి గొళ్ళెం తెచ్చాను.
ఆరు మరలు. ఒకటి వంకరపోయింది.
మర్నాడు ఆమె లోపలికెళ్ళి వేసి చూసింది.
టక్కుమంది.
నీళ్ళ చప్పుడు, మగ్గు చప్పుడు, హైమ ఏదో గొణగడం.
నేను వీధరుగు మీద కూర్చున్నాను
డ్యూటీకి ఇంకా గంట టైమున్నా.

మారు తాళంచెవి ఇవ్వబోతే పుచ్చుకోలేదు.
"టీచరమ్మ కాడ ఉంచండి. నా కాడొద్దు."

వెళ్తూ వెళ్తూ చెప్పులేసుకుని ఆగింది.
"అప్పలకొండకి ఏటి సెప్పమంతారు?"

నేనే వస్తానని చెప్పు, అన్నాను.
ఆపేసిన జీతం కవర్లో పెట్టి
యూనిఫాం జేబులో వేసుకున్నాను.
రెండు ఆదివారాలయ్యాయి.
కవరు చెమటకి మెత్తబడింది.